బూజు

"ఇంట్లో బూజుందామ్మా?" అన్నాడు డాక్టరు.
ఒళ్లు మండింది నాకు.
ప్రతి ఆదివారం ప్రార్థనకు పోయేముందే
వెదురుకర్రకు చీపురు కట్టి
నాలుగు మూలలూ దులిపే మనిషిని.
సాలెగూడు కాదన్నాడాయన,
గోడమీద నల్లగా, పచ్చగా, చుక్కలు చుక్కలుగా
ఆ బూజు.

ఒక్క మాటేగా మనకి రెండింటికీ.

బుడమేరు పాయకాపురంలో మా నడిగదికొచ్చి
తొమ్మిది రోజులు కాపురముండి
పోతూ పోతూ నడుమెత్తున గీత గీసి పోయింది.
ఇంటాయన దసరాకి ముందు రంగేయించి
అద్దె మూడొందలు పెంచాడు.
కార్తీకం తిరక్కుండానే
లేత గులాబీ రంగులోంచి
ఆ మచ్చలు వేళ్లు బయటపెట్టాయి.

గవర్నర్‌పేటలో నేను పనిచేసే బైండింగు షాపుకి
తడిసినవన్నీ వచ్చాయి ఆ ఏడు.
కొట్ల ఖాతాలు, ప్లీడరు గారి లా పుస్తకాలు,
ఎవరిదో పెళ్లి ఆల్బం.
ఒక్కో కాగితం విడదీసి ఫ్యాను కింద ఆరబెట్టాం.
మైదా జిగురులో మైలుతుత్తం కలిపితే
పుస్తకానికి పురుగూ బూజూ పట్టవు.
పద్దెనిమిదేళ్లుగా కలుపుతున్నాను.
మనిషిలో ఏం కలపాలో
ఎవరూ చెప్పలేదు.

సూర్యారావుపేట ల్యాబులో
ఫిర్దౌస్ అనే పిల్ల తట్టి తట్టి నరం వెతికింది.
"దీనికి టిఫిన్ తినే రావచ్చు ఆంటీ,
ఊరికే కడుపు మాడ్చుకున్నారు."
పసుపు మూత గొట్టంలో నా నెత్తురు
నేననుకున్నదానికంటే నల్లగా ఉంది.
నాలుగు వేల ఎనిమిదొందలు.
ఆరువందల రిజిస్టర్లకు అట్టలేసిన కూలి.
సాయంత్రం ఏసీ బస్సులో
నా నెత్తురు హైదరాబాదు పోయింది.
నేనింకా ఆ బస్సు ఎక్కలేదు.

ఐదో రోజు రిపోర్టు.
ఆస్పర్‌జిల్లస్, ఆల్టర్నేరియా, క్లాడోస్పోరియం,
పిలవని పెళ్లికొచ్చిన చుట్టాల్లా వరసగా పేర్లు.
ఒకదాని పక్కన లావు అక్షరాల్లో నాలుగో తరగతి.
నేను చదివింది అయిదు.
పెనిసిలియం దగ్గర మాత్రం సున్నా.
పెనిసిలిన్ సూదిమందు దాంట్లోంచే పుట్టిందంట,
ఫిర్దౌస్ చెప్పింది.
బాలింత జ్వరంలో మా అమ్మ ఆ సూదితోనే బతికింది.
అదొక్కటీ నాతో పేచీ పెట్టుకోలేదు.

గోడకైతే ఇంకో పూత వేసి కప్పేస్తారు.
నెత్తురు మాత్రం
ఎవరొచ్చారో, ఎంతసేపున్నారో
పద్దు రాసుకుంటూనే ఉంటుందంట.

"ఇల్లు మారండి. ఆ పని మానండి."
మందుల షాపులో చీటీ చూపిస్తే
ఆ రెండూ తప్ప అన్నీ దొరికాయి.

ఇంటికొచ్చేసరికి రిపోర్టు పిన్ను ఊడిపోతోంది.
నాలుగు కాగితాలు, మంచి దళసరి కాగితం.
అలా ఉంచలేక జిగురు కాచాను,
చిటికెడు మైలుతుత్తం వేసి.
సూదిలో దారమెక్కించి
మూడు రంధ్రాల కుట్టు మొదలుపెట్టాను.
మంచమ్మీంచి మరియబాబు నవ్వుతున్నాడు,
"రోగానికి కూడా బైండింగేనా దీవెనా?"

తుమ్మొచ్చింది.
ఒంటి తుమ్ము అపశకునమంటుంది మా అత్త,
రెండోది వచ్చేదాకా ఏ పనీ ముట్టుకోవద్దంటుంది.
ఇప్పుడా బెంగ లేదు.
పదకొండు దాకా లెక్కపెట్టి
మిగిలిన దారం లాగాను.