ఎనిమిది గళ్ల చార్టు

జుబైల్ క్యాంపుల, బాత్రూం తలుపుకు లోపటి దిక్కు
ఒక చార్టు అతికిచ్చి ఉంటది.
ఎనిమిది గళ్లు. పైన నీళ్లసొంటి పసుపు,
అడుగున చాయ్ డికాషన్.
నీది ఏ గడిల ఉందో చూసుకో, కిందికి దిగితే నీళ్లు తాగు అని
అరబ్బీల, ఉర్దూల, బంగ్లాల.
తెలుగుల లేదు. రంగు చదువుడుకు భాష ఎందుకు?

ఆ చార్టు నాకు కంఠతా వచ్చు.
పావుగంట దాని ముందట నిలవడుత.
పొత్తికడుపు రాయి తీరు.
నల్లా ఇప్పుతె వస్తదన్నరు, ఇప్పిన.
చిన్నప్పుడు అమ్మ పెట్టే "ఉస్స్" చప్పుడు
నలభై ఒక్కేండ్లకు నాకు నేనే పెట్టుకున్న.
రాదు.
బయట మోతాలిబ్ తలుపు బాదుతడు:
"భాయ్, అందర్ సో గయా క్యా?"
సిగ్గుపడి బయటికొస్త,
మూడో మెట్టు కాడ ప్యాంటు తడుస్తది.

నేను ఎలక్ట్రీషియన్ను.
ఇసొంటి లైన్లు మస్తు చూసిన.
స్విచ్ ఏస్తె బల్బు ఎలగది,
ఎవ్వరు ముట్టకముందె అదే ఎలుగుతది.

మొదలు ఎడమ కన్ను మసకైంది, దుమ్మనుకున్న.
తర్వాత కాళ్లు, బూట్లల్ల ఇసుక పోసినట్టు.
దమ్మామ్ దవాఖాన్ల ఈజిప్టు డాక్టరు
ఎన్నుపూస ఫోటో లైటుకు పెట్టి చూపిచ్చిండు:
ఇగో ఇక్కడ, నరం మీది పొర పోయింది.
ఎవరు గీకిన్రు సార్?
నీ రక్తంల కావలి కాసేటోళ్లే,
నిన్నే పరాయోడు అనుకుంటున్నరు.
పదమూడేండ్లసంది గేటు గేటుకు అకామా చూపెడుతున్న.
ఇగ లోపట గూడనా!

ఫోర్‌మన్ కాయితం మీద గీతలు గీసిండు.
ఒక్క పొద్దుల పదకొండు మాట్ల. సగం రోజు కట్.
నీళ్లు బంజేసిన.
ఏడో గడికి దిగిన.
ఎనిమిదో గడి నాడు చలిజరం,
నలభై ఏడు డిగ్రీల ఎండల పండ్లు కటకట.

లిసియమ్మ సిస్టర్ సన్న పైపు చేతికిచ్చింది.
తొందర పడకు, దమ్ము ఇడుసుకుంట పంపు అన్నది,
మలయాళం కలిసిన హిందీల.
పదకొండు వేల వోల్టుల కాడ వణకని చేతులు
ఆ రబ్బరు పోగు కాడ వణికినయి.
ఐదు వందల మిల్లీలీటర్లు.
గిన్నెను చూసి ఏడ్చిన.
గంత సుఖం పెండ్లినాడు గూడ పడలే, అబద్ధమెందుకు.

వీడియోల జమున అడుగుతది:
తిన్నవా, పన్నవా, పైసలెప్పుడు పంపుతవు?
పోసినవా అని అడిగే ఆలి ఏ ఊర్ల ఉంటది?
కన్ను సంగతి చెప్పిన, కాళ్ల సంగతి చెప్పిన,
దీన్ని మాత్రం కొంచెం ఏడి చేసిందన్న.
సబ్జా గింజలు నానవెట్టుకొని తాగు అన్నది.

ఇప్పుడు నాకు టైమే మందు.
పనిల గడియారం చూసే తీరిక ఉండదు,
అజా ఇనవడంగనే లేస్త.
ఐదు మాట్ల పిలుపు, ఐదు పైపులు.
ఆళ్లు వజూ చేసే నల్లాల పక్కన
నేను మోచేతులదాక సబ్బు పెట్టుకుంట.
ఒక సూడానీ ముసలాయన జరిగి జాగిచ్చిండు,
నేను గూడ నమాజుకే అనుకొని.
కాదని చెప్పలే. అవునని గూడ.

మొన్న రాత్రి లైన్ల నా ముందట మోతాలిబ్.
నా చేతిల నల్ల సంచి చూసిండు.
ఏమనలే. పక్కకు జరిగి తలుపు పట్టుకున్నడు.
చార్టు మూడో గడిల ఎవడో
బాల్‌పెన్నుతోని ఫోన్ నంబరు రాసుకున్నడు.
బయట ఇంకెవడో తలుపు కొట్టవోతె
మోతాలిబ్ గొంతు:
"రుక్. ఆద్మీ కామ్ పే హై."

పైపులు పన్నెండే మిగిలినయి.
జీతం ఇరవై ఎనిమిదికి.