మెట్ల పైన గేటు

గ్రోనింగెన్‌లో ఇళ్ళు సన్నం.
మెట్లు నిచ్చెనకి వేలువిడిచిన చుట్టాలు.

యోరిట్ పగలంతా కాలువ మీద లాకులు తీసి మూస్తాడు.
ఏ పడవని ఎంతసేపు ఆపాలో
అతని అరచేతికి తెలుసు.
ఇంట్లో మాత్రం టేపు పట్టుకుని మూడుచోట్ల కొలిచాడు:
కింద డెబ్భై ఎనిమిది, నడుమ డెబ్భై తొమ్మిదిన్నర,
పైన ఎనభై ఒకటి.
నూరేళ్ళ గోడ, కాస్త ఒరిగి నిలబడింది.

కొట్లో కుర్రాడు ఒత్తిడితో నిలిచే రకం చూపించాడు.
మేకు లేదు, మర లేదు, గోడకి గాయం లేదు.
"కింద మెట్టుకైతే సరే," అన్నాడు యోరిట్,
"పై మెట్టుకి గాయం కావాలి."
కాలికి అడ్డుతగిలే కమ్మీ లేనిది,
మెట్లవైపు తెరుచుకోనిది
నాలుగు కొట్లు తిరిగి తెచ్చాడు.

మొదటి రంధ్రం దగ్గరే డ్రిల్లు మెత్తగా దిగిపోయింది.
పొడి తెల్లగా కాదు, గోధుమరంగులో రాలింది.
రంగు గీకితే చెక్క బిరడా.
మూరెడు కింద ఇంకొకటి.
ఎవరో, ఎప్పుడో,
ఇదే ఎత్తున, ఇదే భయాన్ని బిగించి
తర్వాత విప్పేసుకున్నారు.

ఫ్రౌక్యా కాఫీ తెచ్చి, బిరడాని వేలితో తడిమింది.
"ఆ పిల్లకి ఇప్పుడెన్నేళ్ళో?"
"పిల్లాడు," అన్నాడు యోరిట్, ఎందుకో.

చీకటిపడే వేళకి గేటు క్లిక్కుమంది.
వీబే పాక్కుంటూ వచ్చాడు,
రెండు కమ్మీలు పట్టుకుని
మొట్టమొదటిసారి లేచి నిలబడ్డాడు.
మెట్లని చూడట్లేదు.
గొళ్ళేన్ని చూస్తున్నాడు,
లాకుల దగ్గర ఆగిన పడవవాడిలా,
తొందరేం లేనట్టు.