ముప్పై ఒక్క సెంటీమీటర్లు

ఒటారులో మంచు ఆగని శనివారం.
కుర్చీలో పీట వేయించుకుని కూర్చున్నాడు
టొమొయా, తొమ్మిదేళ్ళవాడు.
మూడేళ్ళుగా కత్తెర తగలని జుట్టు.
ఈతకొలను దగ్గర, బస్సులో,
తాత కర్మకొచ్చిన పూజారి కూడా
"పాప ఎంత ముద్దుగా ఉందో" అన్నారట.
సరిదిద్దడం ఎప్పుడో మానేశాడు.

స్కేలు పెట్టాను. ముప్పై ఒకటి కావాలి,
మరో అర ఎక్కువే ఉంది.
రబ్బరు బ్యాండు బిగించి కోస్తుంటే
ఎండుగడ్డి తెగిన చప్పుడు.

"ఇది పెట్టుకోబోయే అమ్మాయిని
ఇప్పుడు అందరూ
బాబూ అంటున్నారా?"

నలభై ఏళ్ళుగా ఈ కుర్చీ వెనక వాగుతున్న నోరు
పెగల్లేదు.
తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాను.

కవరు మీద అడ్రసు వాడే రాశాడు,
నాలిక కొస బయటపెట్టి.
వెళ్తూ కోటు తొడుక్కుని,
రెండు చేతులూ మెడ వెనక్కి పోనిచ్చి
లేని జుట్టును
కాలరు బయటికి తీసుకున్నాడు.