రేసిస్తే ఎర్రబడే దీపం

కాశిబుగ్గ దాటినంక రేకుల షెడ్డు నాది.
ఎనుమాముల మార్కెట్ల మిర్చి దిగిన దినం
మీటరు పట్టుకున్న చెయ్యి గూడ తుమ్ముతది.

గసొంటి పొద్దున
ఇద్దరు హమాలీలు నూకుకుంట తెచ్చిన్రు
మీగడరంగు అంబాసిడర్‌ని.
స్టీరింగు ముందట రూతమ్మ సిస్టరు.
మిషన్ దవాఖాన్ల ముప్పయ్యారేండ్లు
రాత్రి డ్యూటీ చేసిన మనిషి.
ఒళ్లె నోటుబుక్కు.

"నవంబరు ఆరు, కొత్త బ్యాటరీ.
డిసెంబరు పది, అది సచ్చింది.
పన్నెండుకు ఇంకొకటి.
జనవరిల డైనమో కట్టిచ్చిన్రు, పన్నెండు వందలు.
నిన్న రాత్రి కరీమాబాద్ కాడ లైట్లు గుడ్డిగైనయి."
జ్వరం చార్టు చదివినట్టు చదివి
కండ్లద్దాలు తీసింది.
"అందరు మందులిచ్చిన్రు ఓదేలూ,
నాడి ఎవ్వలు పట్టలే."

మక్దూం ఉస్తాదు నాకు చెప్పిపోయింది ఒక్కటే:
ముందుగాల చూడు, చూసినంక ఇను,
పానా ఆఖరుకు.

బెల్టు మీద బొటనేలు నొక్కిన.
అర్ధంగులం దిగింది, బాగనే ఉన్నది.
ఈ కాలపు బండ్లన్నిటికి మైనస్ బాడీకి,
ఈ ముసలిదానికి ప్లస్సు.
తెల్వని పోరడెవడో తిప్పి కట్టి ఉంటడనుకున్న.
సక్కగనే కట్టిండు.
మొకం తెల్వని ఆ పోరనికి
మనసుల్నే మాఫీ అడిగిన.

అరువు బ్యాటరీతోని స్టార్టు చేసి రేసిచ్చిన.
ఎర్రదీపం ఆరాలె.
మొదలు జర మసకైంది,
ఆరుతదనే అనుకున్న.
ఇంకింత రేసిస్తే
మల్ల వెలిగింది, ఇంతకుముందుకన్న ఎర్రగ,
మాట నడుమల అడ్డమొస్తే
కోపమొచ్చినోని కండ్ల తీర్గ.

బానెట్టు మీద చెయ్యేసి నిలవడ్డ కొంచెంసేపు.
కరెంటు పుడుతున్నది.
ఇల్లు చేరుతలేదు.

డైనమో తీగలు రెండూ ఊడదీసి, ఒక్కటి చేసి,
మీటరు పెట్టి మెల్లగ రేసిస్తే
పది, పదిహేను, ఇరవై.
పన్నెండు వందలు దండుగ.
డైనమో ఎన్నడు పాడు గాలే.

ఇగ మిగిలింది రెగ్యులేటరు డబ్బా.
మూత తీస్తే పాయింట్లు సాఫ్,
తీగచుట్టకు కాలిన వాసన లేదు,
కటౌటు నాలుక మాత్రం కదులుతలేదు.
డబ్బా బిగిచ్చిన బోల్టు ఇప్పి
దాని కింద గోరుతోని గీకిన.
మీగడరంగు లేచొచ్చింది.

"సిస్టర్, రంగెప్పుడేపిచ్చిన్రు?"

నోటుబుక్కు తిప్పింది, మల్ల తిప్పింది.
అది రాసుకోలే.
"దసరాకు ముందు.
మా అక్క మనుమరాలి పెండ్లికి
చర్చి ముందట ఈ బండే ఉండాలన్నది."

పెయింటరు మంచి పనోడు.
అన్నీ ఊడదీసిండు,
ఇంచు ఇడువకుండ రెండు కోట్లు కొట్టిండు,
ఎక్కడియి అక్కడ బిగిచ్చిండు.
ఇనుముకూ ఇనుముకూ నడుమ
కాయితమంత మందం గూడ లేని పొర.
గంతల్నే డబ్బాకు ఎర్తు తెగిపోయింది.

గరుకు కాయితం పెట్టి రాకిన,
కొత్త రూపాయిబిళ్ల తీర్గ మెరిసేదాక.
బోల్టు బిగిచ్చి, స్టార్టు చేసి, రేసిస్తే
డబ్బల టిక్కుమన్నది.
ఎర్రదీపం లేదు.
హమాలీలల్ల ఒకడు తుమ్మిండు.

"ఏం మార్చినవ్?"
"ఏం మార్చలే."
ఒంగి, ఆ గీకిన జాగ చూసింది చానసేపు,
పుండు మానిందా లేదా అన్నట్టు.
"గీడ మచ్చ వడ్డది గదా.
జరంత రంగు పూపియ్యాల్నా?"

"సిస్టర్, మీకు దండం పెడుత."

నవ్వలే ఆమె. పెన్ను తీసి రాసుకున్నది:
ఫిబ్రవరి తొమ్మిది. బోల్టు కింద రంగు ముట్టియ్యద్దు.
కింద గీత కొట్టింది, రెండుసార్లు.

హమాలీలకు నూకుడు పైసలిచ్చి
హంటర్ రోడ్డు దిక్కు పోయింది,
పట్టపగలు హెడ్‌లైట్లు వేసుకొని.

రాత్రి షెటరు దించి చెయ్యి కడుగుతుంటే
గోరు సందుల ఇంక ఉన్నది
మీగడరంగు.