వద్దనుకునే చోటు

ఎమెంటాల్ లోయలో శనివారం మబ్బు.
రేంజి వెనక మేతలో ఆవుల మెడగంటలు.

గుళ్ళు లేవని రెండుసార్లు చూసుకున్నాకే
చెయ్యి చాపింది రెగులా.
"ముక్కు వాలట్లేదు" అంది,
"కోడిపిల్లలా ఒదిగింది."

వాల్‌నట్ పిడి. యోస్ట్ ఏడు వారాలు చెక్కాడు
ఆమె అరచేతి మైనపు అచ్చు ఎదురుగా పెట్టుకుని.
చిన్నప్పుడు జున్నుకత్తి తెగ్గోసిన బొటనవేలి మచ్చకి సైతం
చెక్కలో ఓ చిన్న పల్లం.

చెవులకి డిప్పలు తగిలించుకుంది.
పాతిక మీటర్ల అవతల నల్లచుక్క.
మొదటిది పేలింది.
మణికట్టు నొవ్వలేదు.
గొట్టం లేచి, మళ్ళీ తన చోటికే వచ్చి కూచుంది
పాలు పితికేటప్పుడు ఆవు ఒకసారి కాలు మార్చుకున్నట్టు.
వేడి ఇత్తడి తొడుగు చెక్కనేల మీద
గింగిరాలు కొట్టి ఆగింది.

అయిదూ ఒక్క నాణెం కింద దాగేంత దగ్గరగా.

యోస్ట్ ఏమీ అడగలేదు.
గడ్డంలో ఇరుక్కున్న రంపపుపొట్టు గోక్కున్నాడు.
దాని ధరకి ఆమెకి
రెండు చలికాలాల కట్టెలూ, పాత ట్రాక్టరుకి కొత్త ఇంజనూ వస్తాయి.

"అంతా బాగుంది."
ఆగింది.
"ట్రిగ్గరే.
మరీ వెన్నపూస.
నేననుకునే లోపలే అయిపోతోంది.
కాగితం కనక సరే.
ఇంకో వంద గ్రాముల బిగువు పెట్టు,
వద్దనుకోడానికి నాకు కాస్త చోటుండాలి."

సన్న స్క్రూడ్రైవరు కోసం అతను జేబులు తడుముకున్నాడు.
ఆమె డిప్పలు తియ్యగానే
గంటలు,
ఇందాకటి నుంచీ మోగుతూనే ఉన్నట్టున్నాయి.