అద్దె టోపీ

మెయిలు వాల్తేరులో పది నిమిషాలే ఆగేది.
ఆ పది నిమిషాల్లో ఆయన్ని దించేసి
తెరలూ కత్తులూ రాణిగారి గౌన్లూ సర్దుకుని
నాటకం కంపెనీ కలకత్తా వెళ్ళిపోయింది.
ఒంట్లో నూట నాలుగు జ్వరం,
జేబులో రాజు కిరీటంలోంచి ఊడిన గాజురాయి.
పేరు సిరిల్ ఆష్‌బీ. మా సోల్జర్‌పేట నోట్లో
వారం తిరక్కుండా సిర్లు దొర.

సిరి ఏమీ లేదు.
టైలరు గురవయ్య మేడమీద గది,
అద్దెకి బదులు పిల్లలకి ఇంగ్లీషు పాఠం.
కిటికీ తెరిస్తే చేపల రేవు.
"మా గ్రిమ్స్‌బీ కంపే ఇది,
కొంచెం వెచ్చగా ఉంది, అంతే" అనేవాడు.
తండ్రి అక్కడ ఐసు కొట్టేవాడట.
పదహారేళ్ళకి ఇల్లు వదిలి పారిపోయి
స్టేజీ వెనక తాళ్ళు లాగి, ఉరుముల రేకు ఊపి
మూడేళ్ళకి ఒక్క మాట దక్కించుకున్నాడట:
"గుర్రం సిద్ధం, ప్రభూ."
ఆ ఒక్క మాటనే ఒక రాత్రి నాకు
పదకొండు రకాలుగా చెప్పి చూపించాడు.
ఏడో రకానికి నాకు ఏడుపొచ్చింది.

నేను ప్రాంప్టర్ని.
కోటవీధి నాటక సమాజంలో పక్కతెర చాటున
లాంతరూ నేనూ.
కాటికాపరి వేషగాడు తాగి పడిపోయిన నాడు
మొహానికి మసి పూసుకుని ఈయన దిగాడు.
పద్యం ఎత్తుకోలేదు. మాటలాగే చెప్పాడు,
రాగం లేకుండా, బాకీ అడిగినట్టు.
గోల చేద్దామని వచ్చిన జనం గోల మర్చిపోయారు.
తర్వాత ఎవరూ ఆయనకి ఆ వేషం ఇవ్వలేదు.
తెల్లతోలుకి మసి ఖర్చెక్కువ అన్నాడు సెక్రటరీ.

సినిమావాళ్ళొచ్చారు భీమిలికి.
"దొర కావాలి, నిజం దొర."
మొదటి రోజే తగువు.
"పన్ను కట్టనోడి కొంప కాల్చీయండర్రా" అన్నాడు ఈయన,
అచ్చం మా పెదవాల్తేరు మునసబులా.
డైరెక్టరు నెత్తి కొట్టుకున్నాడు:
"తెలుగు ఇంత బాగా రాకూడదయ్యా, పాడుచెయ్యండి."
అలా నాకు పని దొరికింది.
రాత్రంతా పాత లైట్‌హౌసు మెట్లమీద కూచుని
ఒత్తులు తప్పుచోట పెట్టడం నేర్పాను,
క్రియ నడుం విరగ్గొట్టడం నేర్పాను.
ఇరవయ్యేళ్ళు తప్పు దొర్లకుండా కాపు కాసినవాణ్ణి
కూచుని కూచుని తప్పులు అందించాను.

ముప్పై ఏడు సినిమాలు. ముప్పై ఏడు చావులు.
బాణం, బాంబు, బావి, ఒకసారి ఎద్దు.
టోపీ మాత్రం ఒకటే, మద్రాసు నుంచి అద్దెకొచ్చేది.
పూర్ణాలో ఆయన కూలిన ప్రతిసారీ
నేల టిక్కెట్టు లేచి ఈలలు వేసేది;
మర్నాడు మార్కెట్లో వంజరం కోస్తూ ముత్యాలమ్మ,
"మల్లీ సచ్చిపోనావేటి దొరా?"
"సచ్చిపోనాను తల్లీ. మూడొందలిచ్చారు."
ఆవిడ తలకాయ ముక్క కొసరేసేది.

కేజీహెచ్‌లో చివరి పదిరోజులు.
ఇంత నిదానంగా చావడం ఆయనకి చేతకాలేదు.
మాటిమాటికీ కళ్ళు తెరిచి నావైపు చూసేవాడు,
అందించు, అన్నట్టు.
నా చేతిలో కాగితం లేదు.
ఏమనాలో తెలీక చెవి దగ్గర
"గుర్రం సిద్ధం, ప్రభూ" అన్నాను.
"గట్టిగా అనకోయ్," అన్నాడు,
"జనానికి ఇనబడిపోద్ది."

రాతిమీద పేరు చెక్కినవాడు
ఒత్తు తప్పుచోట పెట్టాడు.
నేను దిద్దమనలేదు.

మద్రాసు నుంచి టోపీ కోసం మనిషొచ్చాడు.
రెండు నెలల అద్దె బాకీ ఉందట. కట్టాను.
లోపలి పట్టీకి ఇంకా చెమట మరక, ఉప్పు చార.
వాడు మోకాలికేసి దులిపి
సంచీలో కుక్కుకున్నాడు.
బండికి టైమైందన్నాడు.
అక్కడెవరో ఇంకో దొర దొరికాడట.