పొదలకూరు యార్డు, మూడున్నర

కరెంటు పోవడం మాకు కొత్త కాదు.
తిరిగొచ్చినాక లైటు దానంతటదే వెలుగుద్ది,
ఫ్యాను దానంతటదే తిరుగుద్ది,
గేటు కాడ టీకొట్టు ఫ్రిజ్జు గూడా
ఒక్క గురక పెట్టి పనిలో పడుద్ది.
బల్ల కింద సర్వరూ లేస్తది.
దాని కడుపులో డేటాబేసు మాత్రం
ఎవరో వచ్చి పిలిస్తే గానీ లేవదు.

ఆ ఎవరో నేనే.

తెల్లారుజాము మూడున్నరకు ఫోను.
"మస్తానక్కా, కాటా ఆగిపోయింది,
ఢిల్లీ లారీ ఇంజను ఆపకుండా నిలబడుండాది."
బిడ్డ తల కింద నుంచి చెయ్యి మెల్లగా లాక్కుని
స్కూటీ మీద చీకట్లో పోతా.
నాలుగు మాటలు టైపు చేస్తా. అంతే.
నాలుగు మాటలకు నాలుగు కిలోమీటర్లు.
వేసవిలో వారానికి మూడుసార్లు.
మా ఇంటాయన అడిగాడు ఒకరోజు,
"నీకు జీతం కంప్యూటరుకా, కాపలాకా?"

ఇంకో తంటా రెండో కాటా కాడ.
అక్కడ చెంచుకృష్ణ కంప్యూటరు వైరు పట్టుకుని అడుగుద్ది,
మా సర్వరు పలకదు.
అందుకని వాడు లూజుల బరువు చీటీ మీద రాసుకుని
ఎండలో పరిగెత్తుకుంటా వచ్చేవాడు.
చెమటకీ నిమ్మరసానికీ ఏడు ఒకటయ్యేది.
ఒకటి ఏడెప్పుడూ కాలేదు.

ఆదివారం బేరాల్లేవు. కూచుని ఫైలు తెరిచా.
వినాల్సిన చోటు, అని ఒక లైను.
దాని ఎదురుగా: లోకల్‌హోస్ట్.
అంటే తన గొంతు తప్ప ఇంకెవరి గొంతూ వినదు.
మాలకొండయ్య గుమాస్తా గుర్తొచ్చాడు.
ముప్పై ఏళ్ళు లెక్కల పుస్తకం ఒళ్ళో మూసుకుని
"నాకు తెలుసులే" అన్నాడు అందరితో.
ఆయన పోయినాక ఆ గొలుసుకట్టు రాత ఎవరికీ అందలేదు.
రాపూరు రైతుల బాకీ ఎంతో
ఆయన బూడిదతోబాటే పెన్నలో కలిసింది.

ఆ లైను ముందు
మంచానికి నవారు అల్లినట్టు ఒక గుర్తుండాది.
అదుంటే ఆ లైను పడుకున్నట్టే లెక్క.
తుడిచేశా.

రెండో ఫైలు కష్టమైంది.
ఎవరెవర్ని రానియ్యాలి?
ఏజెంటు పట్టాభి మలై కాజా పొట్లంతో వచ్చాడు.
"అందరికీ తెరిచెయ్యమ్మా, నా సెల్లుక్కూడా.
బరువులు ఒక గంట ముందు తెలిస్తే
ఎవుడి సొమ్ము పోయింది?"
అందరికీ తెరవడమంటే అన్నీ సున్నాలు రాయాల.
నాలుగు సున్నాలు, ఒక గీత, మళ్ళీ సున్న.
అన్ని సున్నాలు ఎవరి పద్దులో పడతాయో
నాకు తెలుసు.
రెండే నంబర్లు రాశా. ఒకటో కాటా, రెండో కాటా.
కాజా మాత్రం తిన్నా. బాగుండాది.

చివర్న ఇంకొక్క మాట చేర్చా,
కరెంటుతోబాటే నువ్వూ లెయ్, నన్ను పిలవబాకు, అని.

"పెంచలన్నా, మెయిను దించు."
"బాగా నడిచేదాన్ని దించమంటావేందమ్మా?"
"దించన్నా."

చీకట్లో నిమ్మవాసన ఎక్కువైంది.
ఎక్కడో ఖాళీ గోతాం కింద ఎలక.

"ఎత్తు."

లైటు. ఫ్యాను. ఫ్రిజ్జు గురక.
బల్ల కింద పచ్చ చుక్క.
నా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూచున్నా.
కీబోర్డు ముట్టుకోకుండా కూచోవడం
ఈ ఉద్యోగంలో నేను చేసిన కష్టమైన పని.

ఆ చివర గుడిసె నుంచి కేక:
"వచ్చినయ్యక్కా! మొన్నటి లూజులన్నీ వచ్చినయ్!
ఇప్పుడు నేను పరిగెత్తబళ్ళేదా?"
కొంచెం బెంగగానే అడిగినట్టుండాడు.

మంగళవారం రాత్రి కరెంటు పోయింది, వచ్చింది.
ఫోను మోగలేదు.
మూడున్నరకు కళ్ళు తెరుచుకున్నయ్.
బైపాసు మీద లారీ హారను కొట్టి పోయింది,
మన కాయే అయ్యుంటది.
నా లోపల ఈ లైను ఎప్పుడు రాసుకున్నానో,
దీని ముందు నవారు గుర్తు ఎట్టా పెట్టాలో.

ఎట్టాగూ లేచా గదాని
బియ్యం కడిగా.